కబడ్డీ అమ్మాయిలూ, ఎర్ర పెన్ను తీయండి

నెలసరి లెక్క రాసుకోడానికి మా జట్టు అమ్మాయిలకు యాప్ కన్నా ముందు చిన్న క్యాలెండర్ ఇచ్చాను. నెలసరి మొదలైన రోజు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాలి. అదే ఒకటో రోజు; ముందురోజు కనిపించిన చిన్న మరక లెక్కలోకి రాదు. మళ్లీ సున్నా పడేదాకా ఎన్ని రోజులో లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు 21 నుంచి 35 దాకా మామూలే, అందరికీ 28 రావాలని టెన్షన్ పడకండి.

రాత్రి పడుకునే ముందు నిద్ర, నొప్పి, ఆట ఎలా ఉన్నాయో రెండు ముక్కలు రాయండి. కూతకెళ్లే మా రైడర్ ఒకమ్మాయి గడిలో "కాళ్లు బరువు, బోనస్ పాయింట్ రాలేదు" అని ఉంది. మూడు నెలలు తిరగేస్తే, ప్రతిసారీ సున్నాకు రెండు రోజుల ముందే ఆ మాట! ఇప్పుడు ఆ రోజుల్లో తనకు పరుగులు తగ్గిస్తున్నా. పక్కమ్మాయికి అవే రోజుల్లో ఏ తేడా ఉండదు, అందుకే అందరికీ ఒకే టైంటేబుల్ వేయను.

క్యాలెండర్ నాకు చూపించడం వాళ్లిష్టం. సెలెక్షన్‌కు ముడిపెట్టానా, మర్నాటి నుంచి అన్నీ అబద్ధాలే రాస్తారు.

మూడు నెలలు వరుసగా నెలసరి రాకపోతే "పీడా పోయింది" అనుకోవద్దు. బరువు తూచే పోటీల కోసం అన్నం మానేసేవాళ్లకు ఇలా ఆగిపోవచ్చు. ఎముకలు కూడా బలహీనపడతాయి. డాక్టరమ్మ దగ్గరికి క్యాలెండర్ పట్టుకెళ్లండి, ఆవిడ ముందు అడిగేది ఆఖరి తేదీనే.