ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఫుట్‌బాల్: అటు నలుగురు, ఇటు నలుగురు

ఆరేళ్ల పిల్లల్ని ఇరవై రెండు మందిని వంద మీటర్ల గ్రౌండ్‌లోకి దింపితే నలుగురైదుగురు బంతి వెంట పడతారు, మిగతావాళ్లు గడ్డి పీకుతూ నిలబడతారు. జట్టుకు నలుగురైతే బంతి తగలకుండా తప్పించుకోవడం ఎవరికీ కుదరదు. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2017 నుంచి ఎనిమిదేళ్ల లోపువారికి ఈ పద్ధతినే నిబంధన చేసింది. గోల్‌కీపర్ కూడా ఉండడు.

గ్రౌండ్ 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు చాలు. టేపు లేకపోతే పెద్దవాళ్ల అంగలు సుమారు 40, 27. అయిదేళ్లవాళ్లకు ముగ్గురేసి చొప్పున 20 మీటర్లకు 15 సరిపోతుంది. గీతలకు సుద్ద పొడి వాడండి. సున్నం వద్దు, కళ్లలో పడితే ప్రమాదం. గోల్ వెడల్పు ఆరడుగులు. రెండు కోన్లు పెట్టినా నడుస్తుంది కానీ ఇటుకలు, రాళ్లు మాత్రం పెట్టకండి. ఇనుప గోల్‌పోస్టు తెస్తే వెనక కడ్డీ మీద ఇసుక బస్తాలు వేయాల్సిందే. పిల్లలు దానికి వేలాడతారు, అది మీద పడుతుంది.

బంతి 3వ నంబరుది. పెద్దవాళ్లు ఆడే 5వ నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములు తూగుతుంది. అది తగిలి కాలు నొప్పెట్టిన పిల్లలు తర్వాత బంతికి ఎదురు వెళ్లరు. గాలి మరీ బిగించకండి, బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి.

పదహారు మంది వస్తే ఎనిమిదేసి మందితో ఒకే ఆట పెట్టకుండా పక్కపక్కన రెండు గ్రౌండ్లు గీయండి. కబడ్డీకి ఉద్దులు పంచినట్టే, బలానికి సరిపడే ఇద్దరిని జతచేసి చెరో జట్టులో వేయండి. జట్లను పిల్లల్నే ఎంచుకోమంటే చివరిదాకా మిగిలే పిల్ల వచ్చే వారం రాదు.

ఆట ఎనిమిదేసి నిమిషాలు, నాలుగు విడతలు. మధ్యలో రెండు నిమిషాలు నీళ్లకు. మన ఎండలకు ఉదయం ఏడున్నరకల్లా ముగించడం మేలు.

నియమాలు నాలుగు చాలు. బంతి గీత దాటితే చేతులతో విసరడం లేదు, కాలితో లోపలికి తోస్తారు లేదా నడిపించుకుంటూ వస్తారు. గోల్ గీత వెనక నుంచి ఆట మొదలైతే ఎదుటి జట్టు గ్రౌండ్ మధ్య గీత దాకా వెనక్కి పోవాలి. ఇది లేకపోతే బంతి తీసిన ప్రతిసారీ అక్కడే పోగొట్టుకుంటారు. తలతో కొట్టడం లేదు. గోల్ ముందు ఎవరూ కాపలా నిలబడకూడదు.

ఇక చిక్కులు. అందరూ బంతి చుట్టూ తేనెటీగల్లా మూగడం మొదటిది. దానికి “నీ చోటుకు పో” అని అరవడం దండగ. ఈ వయసులో అది సహజం, అరిస్తే బంతి దగ్గరికి రావడమే మానేస్తారు. గుంపు మరీ ఎక్కువైతే ఒక్కో వైపు ఒక గోల్ బదులు రెండు చిన్న గోల్స్ మూలలకు జరిపి పెట్టండి. ఒకటి మూసుకుపోతే రెండోది ఖాళీగా కనిపిస్తుంది, తల ఎత్తి చూడటం పిల్లలే నేర్చుకుంటారు. జర్మనీ 2024-25 సీజన్ నుంచి అతి చిన్నవాళ్లకు తప్పనిసరి చేసిన ఆటలో ఇలాగే నాలుగు గోల్స్ ఉంటాయి.

ఒక్కరే అన్ని గోల్సూ కొడుతుంటే వాళ్లను ఆపకండి, ఎదుటి జట్టుకు ఒకరిని కలపండి. తేడా మూడు గోల్స్ దాటినా ఇదే మందు. బంతి అస్తమానం బయటికి పోతుంటే గ్రౌండ్ ఇరుకైందని అర్థం, అటూ ఇటూ రెండేసి మీటర్లు జరపండి. పోయిన బంతి కోసం పరుగెత్తకుండా గీత పక్కన మూడు బంతులు అదనంగా ఉంచుకోండి. ఒకటి పోగానే ఇంకొకటి లోపలికి దొర్లించాలి.

తల్లిదండ్రుల్ని ఒకే వైపు, గీతకు మూడు మీటర్ల అవతల నిలబెట్టండి. చప్పట్లు కొట్టొచ్చు; “కొట్టు, పాస్ ఇవ్వు” అనే కేకలు మాత్రం కుదరవని ముందే చెప్పేయండి. అవి వినబడితే పిల్లలు బంతి వదిలేసి నాన్న వైపు చూస్తారు. తొమ్మిదేళ్లు దాటాక ఏడుగురేసి జట్లు, 4వ నంబరు బంతి, అప్పుడే గోల్‌కీపర్. అదీ ఒక్కరికే అంటగట్టకుండా వంతులవారీగా.