కడుపులో బిడ్డ ఎదుగుదల, 4వ పాఠం: మాయ (ప్లాసెంటా) చాలకపోతే స్కాన్‌లో ఎక్కడ తెలుస్తుంది?

పోయిన పాఠంలో టేపుతో పొట్ట కొలవడం నేర్చుకున్నాం. అది చదివి పుత్తూరు వైపు పనిచేసే ఒక ఆశా అక్క అడిగింది: "35 వారాలకు కొలత వెనకబడిందని స్కాన్‌కి పంపాను. బొడ్డుతాడులో రక్తం బాగానే పోతోందన్నారు. ఇంక భయం లేనట్టేనా?" కాదక్కా. ఎందుకో చూద్దాం.

మన మామిడి తోటల్లో డ్రిప్పు చూసే ఉంటారు. ఉప్పు పేరుకుని కొన్ని రంధ్రాలు మూసుకుపోయినా మెయిన్ పైపులో నీళ్లు పారుతూనే ఉంటాయి. మాయ కూడా అంతే, బొడ్డుతాడు దాని మెయిన్ పైపు. నెలలు నిండేసరికి మాయ సుమారు అరకిలో తూగుతుంది. తల్లి రక్తంలోని ఆక్సిజన్, చక్కెర బిడ్డకు చేరేది దానిలోని సన్నటి కొమ్మల గుండానే. 32 వారాలు దాటాక బయటపడే ఎదుగుదల లోపంలో ఆ కొమ్మలు కొంతమేరకే దెబ్బతింటాయి కాబట్టి బొడ్డుతాడు డాప్లర్ (రక్తం పారే తీరును చూసే స్కాన్) చాలాసార్లు నార్మల్‌గానే వస్తుంది. బిడ్డకు మాత్రం ఆ వారాల్లోనే అవసరం పెరుగుతుంది.

చాలీచాలనిదాన్ని బిడ్డ ముందు మెదడుకు, గుండెకు పంపుకుంటుంది. కోత పడేది కాలేయంలోని నిల్వకు, చర్మం కింది కొవ్వుకు. కాలేయం చిక్కితే పొట్ట చిక్కుతుంది. రిపోర్టులో బీపీడీ (తల వెడల్పు), హెచ్‌సీ (తల చుట్టుకొలత), ఏసీ, ఎఫ్‌ఎల్ (తొడ ఎముక పొడవు) అని నాలుగు వరసలుంటాయి కదా, అందులో ఏసీ బిడ్డ పొట్ట చుట్టుకొలత. మీ కన్ను మొదట అక్కడ పడాలి. తరవాత ఎంసీఏ చూడండి, అది మెదడుకు వెళ్లే రక్తనాళం. దాని పీఐ (ఆ నాళంలో రక్తానికి ఎదురయ్యే అడ్డును చూపే అంకె) ఆ వారానికి ఉండాల్సినదానికన్నా తగ్గిందంటే మెదడు రక్తాన్ని తనవైపు ఎక్కువ లాక్కుంటోందని అనుమానించాలి.

ఒక్క రిపోర్టు చాలదు. 28వ వారంలో బరువు 60వ పర్సంటైల్‌లో (అంటే అదే వారంలోని వందమంది బిడ్డల్లో 60 మందికన్నా ఎక్కువ) ఉన్న బిడ్డ 36వ వారానికి 15కి జారిందనుకోండి. 10కి తగ్గితేనే చిన్న బిడ్డ అంటారు, ఇది 10కి పైనే ఉంది కదా అని వదిలేస్తుంటారు. నాకు ఎక్కువ టెన్షన్ ఈ బిడ్డ గురించే. మొదటినుంచీ 8, 9 దగ్గరే నిలకడగా పెరిగే బిడ్డ అమ్మానాన్నల్లాగే చిన్న ఒళ్లుది కావచ్చు. అది డాక్టరు తేల్చాలి.

ఇంటిపని: మీ దగ్గరున్న ఒక గర్భిణి రెండు స్కాన్ల ఏసీ, బరువు పర్సంటైల్ తేదీలతో పక్కపక్కన రాయండి. బిడ్డ కదలికలు తగ్గాయని ఆమె చెబితే మాత్రం కాగితాలు పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రతి నెలా 9న జరిగే గర్భిణుల పరీక్షల దాకా ఆగొద్దు.