బాయిలర్‌కి టంకం పెట్టే ముందు: ఆ రాడ్డులో ఏముంది?

పగలంతా షెడ్డులో మోడల్ ఆవిరి ఇంజను రాగి బాయిలర్‌కి వెండి టంకం. సాయంత్రం దాకా బాగానే ఉంటుంది. రాత్రికి చలిజ్వరం, గొంతు మంట, ఛాతీ పట్టేయడం. ఫ్లూ అనుకుని పారాసిటమాల్ వేసుకుని పడుకోవడం. ఇలాంటి కబురు మళ్ళీ చెవిన పడింది. జల్లు కొడుతోందని షట్టరు దించి, మంట ఊగుతోందని ఫ్యాను ఆపేసి పనిచేసే వానాకాలం ఇది. కళ్ళద్దాలు, నూలు బట్టలు అందరికీ తెలిసినవే. చెప్పాల్సింది ఒకటే: ఏ లోహం కలిసిందో తెలియని టంకం రాడ్డు కరిగించకండి.

పాతరకం వెండి టంకంలో కాడ్మియం ఉంటుంది. బంగారంలో ‘కేడీఎం’ అన్న మాట పుట్టింది కూడా ఈ కాడ్మియం టంకం నుంచే. 42 శాతం వెండి ఉన్న పాత రాడ్డు 608–617 డిగ్రీల దగ్గరే కరిగి నీళ్ళలా సందుల్లోకి పారుతుంది, అందుకే దాన్ని వదల్లేరు. కానీ కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది. టార్చి మంటకి ఆ వేడి ఒక లెక్క కాదు. పొగ పీల్చిన వెంటనే ఏమీ అనిపించదు, కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ప్రాణం పోవచ్చు. ఆ రాత్రి జ్వరమొస్తే ఆసుపత్రికి వెళ్ళి ‘కాడ్మియం పొగ’ అని నోరు తెరిచి చెప్పండి. చెప్పకపోతే డాక్టరుకీ అది ఫ్లూలాగే కనిపిస్తుంది.

యూరప్‌లో కొన్ని ప్రత్యేక వాడకాలకు తప్ప 2011 డిసెంబరు నుంచి వీటిని నిషేధించారు. మన దుకాణాల్లో ఇంకా దొరుకుతున్నాయి. ప్యాకెట్ మీద టంకం రకం బీఏజీ(BAg)-1, 1ఏ, 2, 3 అని ఉంటే కాడ్మియం ఉన్నట్టే. బీఏజీ-7లో ఉండదు. 55 శాతం వెండి, కాస్త తగరం కలిసిన రకం 630–660 మధ్య కరుగుతుంది, బాయిలర్‌కి అదే తీసుకోండి. రంగు చూసి పోల్చగలమనుకోవద్దు. ప్యాకెట్ లేకపోతే ఆ రాడ్డు తెలియనిదే, తెలియనిది కరిగించకండి.

దీనికి తోడయ్యే తప్పు, మంట రాడ్డు మీద పెట్టడం. పెద్ద బాయిలర్‌కి చిన్న బర్నర్ వాడితే రాగి వేడిని లాగేస్తుంది, అతుకు వేడెక్కదు, ఈలోగా ఫ్లక్స్ (టంకం అంటుకోవడానికి అతుకుకి పూసే మందు) చచ్చి నల్లబడుతుంది. విసుగొచ్చి మంట రాడ్డు మీదికి తిప్పుతారు. కాడ్మియం ఉంటే పొగంతా అక్కడే, ముక్కు కిందే. మంట రాగి మీద ఉండాలి, రాడ్డు అతుకుని తాకి ఆ వేడికే కరగాలి. కరగకపోతే ఆపి, చల్లార్చి, శుభ్రం చేసి, పెద్ద బర్నర్‌తో మళ్ళీ మొదలుపెట్టండి.

గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఈ పొగని ఆపవు. షట్టరు ఎత్తండి, గాలి వీపు వైపు నుంచి రానివ్వండి.

ఇక మిగతావి. టంకం పెట్టేటప్పుడు ముక్కల్ని జీఐ (జింకు పూత) తీగతో కట్టొద్దు, జింకు పొగకి కూడా జ్వరమొస్తుంది. నల్ల ఇనప తీగ వాడండి, శుభ్రం చేయడానికి యాసిడ్‌లో వేసే ముందు విప్పేయండి, లేకపోతే పనంతా రాగి పూతే. పాత విమానం సామాను బోల్టులు కాల్చొద్దు, వాటి పూత కాడ్మియం కావచ్చు. బోలు ముక్కకి గాలి రంధ్రం లేకుండా వేడి చేయొద్దు, పేలుతుంది. తడి ఇటుక మీద పెట్టొద్దు. ఎర్రగా కాలుతున్నది యాసిడ్‌లో ముంచొద్దు. యాసిడ్‌ని నీళ్ళలో పోయాలి, నీళ్ళని యాసిడ్‌లో కాదు. క్లోరిన్ ఉన్న క్లీనర్‌తో తుడిచిన ముక్కకి ఆర్క్ వెల్డింగ్ పెట్టొద్దు, ఫాస్జీన్ వాయువు పుడుతుంది. ఎసిటిలీన్ లైనుకి రాగి గొట్టం వేయొద్దు. గ్యాస్ బండ పడుకోబెట్టొద్దు. అయిపోయిన బాయిలర్‌ని గాలితో పరీక్షించొద్దు, చన్నీళ్ళు నింపి పని ఒత్తిడికి రెట్టింపు దాకా మెల్లగా ఎక్కించండి. పేరులేని రాడ్డు ముక్కల్ని తర్వాత పనికొస్తాయని డబ్బాలో దాచొద్దు.