సిబిల్ క్లియర్ చేస్తామనేవాళ్ల చేతిలో పడకుండా మీ రిపోర్టు మీరే సరిచేసుకోవడం ఎలా?

నల్లగొండలో మా జిరాక్స్ షాపు గోడ మీద రెండు నెలలకోసారి ఎవరో ఒకరు పాంప్లెట్ అంటించిపోతారు. ‘సిబిల్ క్లియర్ చేయబడును, 15 రోజుల్లో 750 గ్యారంటీ’, కింద ఫోన్ నంబరు. సిబిల్ అంటే మనం లోన్లు ఎలా కట్టామో రికార్డు పెట్టే కంపెనీ, 750 అంటే దాన్ని బట్టి ఇచ్చే స్కోర్. నేను పీకేస్తూనే ఉంటా. అయినా ఎనిమిది వేలో పది వేలో పంపేసి, ఆ తర్వాత నా దగ్గరికొచ్చి ‘అన్నా, వాడు ఫోన్ ఎత్తుతలేడు’ అనేవాళ్లు తగ్గడం లేదు. రిపోర్టులో తప్పుంటే మీరే రూపాయి ఖర్చు లేకుండా సరిచేయించుకోవచ్చు. నిజంగానే ఈఎంఐలు ఎగ్గొట్టి ఉంటే ఎవడి తరమూ కాదు.

ముందు రిపోర్టు తీసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు కంపెనీలు, ఒక్కోటి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఆర్‌బీఐ రూలు. పాన్ నంబరు, మీ పేరు మీదున్న సిమ్ చాలు. సైట్‌లో పైసలు కట్టే ప్లాన్లు ముందుకొస్తాయి, వాటిని దాటేయండి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోర్ తగ్గదు. వచ్చాక ప్రింటు తీయండి, ఫోన్‌లో చదవొద్దు, ఇది నా రూలు. జిరాక్స్ షాపోడు ఇంకేం చెప్తాడు అనుకుంటారేమో, కానీ చిన్న స్క్రీన్‌లో జరుపుకుంటూ పోతే అసలు లైనే తప్పిపోతుంది.

ఇక అందరూ బోల్తా పడేది చదివే దగ్గర. ఏజెంట్లకు తిండి పెట్టేది కూడా ఇదే. దేవరకొండ వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు, ట్రాక్టర్ లోన్ రిజెక్ట్ అయిందట. ఏజెంట్ అతని రిపోర్టులో ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ అని ఉన్న గళ్లు చూపించి, ‘ఇవన్నీ నీ మీద పడ్డ మార్కులు, ఒక్కోటి తీసెయ్యడానికి వెయ్యి’ అన్నాడు. ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ అంటే ఆ నెల వివరం బ్యాంకు పంపలేదని, అంతే! 000 అన్నా ఎస్‌టీడీ (స్టాండర్డ్) అన్నా ఇబ్బంది లేదు. 030, 060, 090 లాంటి అంకెలుంటేనే అన్ని రోజులు ఆలస్యంగా కట్టారని లెక్క. ఆ తమ్ముడి అసలు సమస్య ఇంకో పేజీలో ఉంది: ఎప్పుడో తీరిపోయిన బండి లోన్ మీద 2,340 రూపాయలు బాకీ అని. నో డ్యూస్ కాగితం (బాకీ ఏమీ లేదని రాసిచ్చేది) ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది, ఫైనాన్స్ వాళ్లు మాత్రం వాళ్ల రికార్డులో మార్చలేదు.

అందుకని ప్రతి ఖాతా దగ్గర ఆగి, ఇది నాదేనా, బాకీ సరిగ్గా ఉందా, క్లోజ్డ్ అని ఉందా అని చూసి తప్పున్నచోట ఎర్ర పెన్నుతో గీయండి. 2024లో పంట రుణమాఫీ అయినవాళ్లు ఆ ఖాతా కూడా చూసుకోండి. సెటిల్డ్ అని ఉంటే జాగ్రత్త. మీరు తక్కువ కట్టి బ్యాంకుతో రాజీ పడ్డారని దానర్థం, అది తప్పు కాదు, నిజం, కాబట్టి డిస్ప్యూట్, అంటే ఇది తప్పని అభ్యంతరం, పెట్టినా పోదు. మిగిలింది కట్టి, నో డ్యూస్ తీసుకుని, క్లోజ్డ్‌గా మార్చమని బ్యాంకునే అడగాలి. రైటాఫ్ అని ఉంటే బ్యాంకు రాని బాకీ కింద తన లెక్కల్లో రాసుకుందని, అంతేగానీ బాకీ మాఫీ అయినట్టు కాదు.

ఏజెంట్లు చేసేదేంటంటే, మీ ఓటీపీ తీసుకుని లాగిన్ అయ్యి నిజమైన లైన్ల మీద కూడా డిస్ప్యూట్ పడేస్తారు. కొన్నాళ్లు ‘వివాదంలో ఉంది’ అని కనిపిస్తుంది, బ్యాంకు ‘మా లెక్క కరెక్టే’ అనగానే మళ్లీ మొదటికొస్తుంది. ఇంకొందరు 780 అని దిద్దిన పీడీఎఫ్ పంపుతారు. బ్యాంకు మీరు చూపించే కాగితం చూడదు కదా, తన సిస్టమ్‌లో తానే తీసుకుంటుంది!

నిజంగా తప్పుంటే ఆ రిపోర్టు ఇచ్చిన కంపెనీ సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టండి, ఉచితమే. కానీ నేను దానితో పాటు బ్రాంచికి లెటర్ కూడా ఇప్పిస్తా, నో డ్యూస్ జిరాక్స్ జతచేసి, రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించి. ఆన్‌లైన్ ఒక్కటే చాలనేవాళ్లు ఎప్పుడూ బ్యాంకు చుట్టూ తిరగనివాళ్లు. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూలుంది, ఆ ముక్క లెటర్‌లో రాయండి, పని కదులుతుంది. అప్పటికీ జవాబు లేకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఫిర్యాదు, అదీ ఉచితమే, వివరాలకు 14448.

ఇప్పటికే పైసలు పంపేసి ఉంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత నయం. స్క్రీన్ షేరింగ్ యాప్ ఏదైనా వేయించి ఉంటే తీసేయండి. రిపోర్టు లాగిన్‌లో ఫోన్ నంబరు, మెయిల్ ఇంకా మీవేనా చూసుకుని పాస్‌వర్డ్ మార్చండి. ఆ తమ్ముడి లాగిన్‌లో ఏజెంట్ నంబరే ఉండింది.