హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్‌లో పులస కొనేముందు

ముందు నోరు తెరిచి చూడండి. పై దవడ నడుమ చిన్న గాటు ఉండాలి. పొట్ట అంచున వేలు పెట్టి తోక నుంచి తల వైపు జరిపితే, రంపంలా గరుగ్గా తగలాలి. తోక లోతుగా రెండుగా చీలి, ఒళ్ళు వెండిలా మెరుస్తుంది. ఇవి లేకపోతే పులసే కాదు.

ఉన్నా అంతటితో అయిపోలేదు. సముద్రంలో పడితే విలస, గోదావరిలో పడితే పులస; చేప ఒకటే. బంగాళాఖాతంలో పెరిగి, జూలై నుంచి సెప్టెంబర్ దాకా వరద నీటికి ఎదురీది గోదావరిలో గుడ్లు పెట్టడానికి వస్తుంది. ధవళేశ్వరం ఆనకట్టే దానికి అడ్డం. పిల్లలు కొన్ని నెలలు నదిలో పెరిగి కడలికి దిగుతాయి. అందుకే జనవరిలో ‘గోదారి పులస’ అంటే నమ్మకండి, అది ఐసు విలసే అయ్యుంటుంది.

మొప్పలు ఎర్రగా లేకపోతే బేరం దండగ.