ఇంట్లో చేసుకున్న ఫిక్చర్ అదురుతుంటే

గాజువాకలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక పాత లేత్, ఒక చిన్న మిల్లింగ్ మెషిన్ ఉన్నాయి. ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్ల నీళ్ల పంపు బాడీలు వస్తుంటాయి. ఉప్పునీళ్లు తినేసిన ముఖాలను మళ్లీ సాపు చేసి ఇస్తాను. వాటి ఆకారం వంకరటింకరగా ఉంటుంది, వైస్‌లో పట్టదు. అందుకని ఒక్కో రకానికి ఒక్కో ఫిక్చర్, అంటే జాబ్‌ని (కోయాల్సిన సామానుని) కదలకుండా పట్టి ఉంచే చట్రం, చేసుకుంటాను.

మొదటి ఫిక్చర్‌ని 6 మిల్లీమీటర్ల ప్లేటుతో, 120 మిల్లీమీటర్ల ఎత్తున నిలబెట్టాను. కట్టర్ తగలగానే వచ్చిన అరుపుకి పక్కింటి పిన్నిగారు "ఏమైంది బాబూ?" అంటూ గోడ దగ్గరికి వచ్చేశారు. జాబ్ మీద చేప పొలుసుల్లా గీతలు పడ్డాయి. ఎండ్ మిల్ (కోసే కట్టర్) పన్ను మూల విరిగింది. బరువు పెంచమని చాలామంది చెప్పారు. పెంచాను, అరుపు కాస్త బొంగురుపోయింది కానీ గీతలు పోలేదు.

అందుకే ఏదైనా మార్చే ముందు డయల్ గేజ్ (అతి చిన్న కదలికని కూడా ముల్లుతో చూపే సాధనం) తీయండి. మెషిన్ కరెంటు ఆపేసి, మ్యాగ్నెటిక్ స్టాండును ఫిక్చర్ మీద కాకుండా మెషిన్ టేబుల్ మీద పెట్టండి. గేజ్ మొన జాబ్ పైఅంచుకి తగిలించి, కట్టర్ తోసే వైపుకి బొటనవేలితో గట్టిగా నొక్కండి. ఎంత కదిలిందో చూసి, మొనను ఫిక్చర్ పైభాగానికి, తర్వాత మధ్యకి, ఆపైన అడుగు ప్లేటుకి మార్చుకుంటూ అంతే బలంతో నొక్కండి. నాకు జాబ్ దగ్గర 0.06, ఫిక్చర్ పైన 0.05, అడుగు ప్లేటు దగ్గరే 0.03 మిల్లీమీటర్లు చూపించింది. అంటే సగం తప్పు ప్లేటు మందంలో కాదు, టేబుల్ మీద ఫిక్చర్ కూర్చున్న తీరులో ఉంది. ఈ పది నిమిషాల పని చేయకుండా ఇనుము కొనడం వృథా.

అడుగు ప్లేటుని వెల్డింగ్ అయ్యాకే మిల్ చేయాలి, ముందు చేస్తే వేడికి వంగిపోతుంది. నాది అలాగే మధ్యలో ఉబ్బి, బొంగరంలా ఊగేది. ఇప్పుడు అడుగు మధ్యభాగాన్ని 1 మిల్లీమీటరు లోతుగా తీసేసి, నాలుగు బోల్టుల దగ్గర మాత్రమే ఆనేలా వదులుతాను. మార్కింగ్ బ్లూ పల్చగా రాసి టేబుల్ మీద పెట్టి చూస్తే, నాలుగు చోట్లా రంగు అంటాలి. అంటకపోతే ఆకురాయితో కొద్దికొద్దిగా సరిచేయండి. మన ఊళ్లో ఇంకో తలనొప్పి సముద్రపు గాలి. రాత్రి తుడిచి పెట్టిన ముఖం మీద పొద్దున్నకి తుప్పు చుక్కలు లేస్తాయి. ఆ చుక్క మీద కూర్చున్న ఫిక్చర్ ఎంత బిగించినా ఊగుతుంది. వాడే ముందు ఆయిల్ స్టోన్‌తో ఒకసారి రుద్ది, బర్రు (అంచున లేచిన ఇనుప ముళ్లు), తుప్పు తీసేయండి.

తర్వాత ఎత్తు. నిలువు ప్లేటు మందం రెట్టింపు చేస్తే అది వంగకుండా తట్టుకునే బలం ఎనిమిది రెట్లవుతుంది. ఎత్తు సగం చేసినా అంతే లాభం, పైగా ఖర్చు లేదు. నేను జాబ్‌ని తలకిందులుగా పట్టుకునేలా మార్చి 120ని 70కి దించాను. ఇంకా మిగిలిన ఊపుని ఆపడానికి వెనక త్రికోణపు మద్దతు ప్లేటు వేశాను. కోత బలం ఏ వైపు తోస్తుందో ఆ వైపే మద్దతు ఉండాలి, అందం కోసం పక్కన వేస్తే పనికిరాదు. కట్టర్‌ని కూడా చక్‌లోంచి అవసరమైనంతే బయటికి ఉంచండి.

క్లాంపు బోల్టు జాబ్‌కి దగ్గరగా, వెనక ప్యాకింగ్‌కి (క్లాంపు రెండో కొస ఆనే దిమ్మకి) దూరంగా ఉండాలి. క్లాంపు పొడవులో బోల్టు నడిమధ్యన ఉంటే బిగింపులో సగమే జాబ్ మీద పడుతుంది. జాబ్ వైపు మూడో వంతు దూరంలో ఉంటే మూడింట రెండు వంతులు పడుతుంది. క్లాంపు కింద సరిగ్గా అదే చోట ఆధారం ఉండాలి. పంపు బాడీ లాంటి పోత సామానుని మూడు బిందువుల మీద కూర్చోబెడితే ఊగదు. గాలిలో తేలుతున్న అంచు కింద చిన్న స్క్రూ జాక్ పెట్టండి. జాక్ బిగించేటప్పుడు డయల్ ముల్లు కదిలితే జాక్ జాబ్‌ని ఎత్తేస్తోందని గుర్తు.

ఇవన్నీ అయ్యాకే అదురుని మింగే పదార్థాల సంగతి. పోత ఇనుములో గ్రాఫైట్ రేకులు ఉంటాయి కాబట్టి అది ఉక్కుకంటే అదురుని బాగా చల్లారుస్తుంది, తుక్కు కొట్లో పాత పోత ఇనుప దిమ్మ దొరికితే వదలకండి. బాక్స్ పైపు వాడితే అందులో ఇసుక దట్టించవచ్చు. బీచ్ దగ్గరే ఉంది కదా అని ఆ ఇసుక తేవద్దు, ఉప్పు తేమని పీల్చి పైపుని లోపలి నుంచి తినేస్తుంది. ఏటి ఇసుకని కడిగి, బాగా ఎండబెట్టి పోయండి. వెల్డింగ్ పూర్తయ్యాకే పోసి, మూతని బోల్టులతో బిగించండి. తడి ఇసుకతో మూసేసిన పైపుని వెల్డ్ చేస్తే ఆవిరి వత్తిడికి పేలే ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఫిక్చర్ కింద రబ్బరు మాత్రం వద్దే వద్దు. రబ్బరు స్థానం మెషిన్ కాళ్ల కింద.

చివరికి స్పీడ్. 4 పళ్ల కట్టర్ 900 ఆర్‌పీఎంలో తిరిగితే సెకనుకి 60 దెబ్బలు పడతాయి. స్పీడ్ మార్చి వినండి. అరుపు స్వరం స్పీడుతో పాటే మారితే అది ఆ దెబ్బల వల్ల వచ్చే అదురు. స్పీడ్ మారినా స్వరం దాదాపు మారకపోతే ఫిక్చరో, జాబో, కట్టరో తన సొంత స్వరంలో మోగుతోందన్నమాట. ముందటి పన్ను వదిలిన అలని తర్వాతి పన్ను కోస్తూ దాన్ని పెంచుతుంది. అప్పుడు కోత లోతు తగ్గించి, స్పీడుని దించి చూడండి. పంటికి పడే ఫీడ్ (ఒక్కో పన్నుకి జాబ్ ముందుకి జరిగే దూరం) మరీ తక్కువైతే కట్టర్ కోయకుండా రుద్దుతుంది, అదీ అరుపే.

నా ఫిక్చర్ 650 ఆర్‌పీఎం దగ్గర నిమ్మళించింది. ఆ అంకెని పెయింటుతో దాని పక్కనే రాసి, ఏ వైపు కట్టర్‌కి ఎదురుండాలో బాణం గుర్తు పంచ్ చేశాను. పని అయ్యాక నూనె రాసి, పాత లుంగీ గుడ్డలో చుట్టి పెడతాను.