రైఫిల్ బోర్ పెంచాలనుకుంటే ముందు లైసెన్సు తీసి చదవండి

ఇంట్లో తాతగారి కాలం నాటి .275 మౌజర్ రైఫిల్ ఉంటుంది (ఆ అంకె బోర్, అంటే బ్యారెల్ గొట్టం లోపలి రంధ్రం కొలత, అంగుళాల్లో), దానికి తూటాలు ఏ గన్ హౌస్‌లో అడిగినా లేవంటారు. లేదంటే .22 రైఫిల్ ఉంటుంది, మొక్కజొన్నలో పడే అడవిపందికి అది చాలదని అందరికీ తెలుసు. అప్పుడు ఎవరో ఒకరు సలహా పడేస్తారు: బ్యారెల్ మార్పించెయ్, పెద్ద తూటా పడుతుంది, కొత్త రైఫిల్ కొనే పని తప్పుతుంది అని. దానికి తోడు యూట్యూబ్‌లో అమెరికా ఆయనెవరో గ్యారేజీలో కూర్చుని సాయంత్రానికల్లా బ్యారెల్ మార్చేసి చూపిస్తాడు. అక్కడ చాలా రాష్ట్రాల్లో సొంత రైఫిల్‌కి బ్యారెల్ మార్చుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు, నిజమే. బ్రిటన్‌లో అయితే ఒక్కో క్యాలిబర్‌నీ (బోర్ కొలతనీ) సర్టిఫికెట్ మీద విడిగా రాయించుకోవాలి, విడి బ్యారెల్ కూడా లెక్కలోకే వస్తుంది. మన దేశంలో పట్టు ఇంకా గట్టిగా ఉంటుంది, అందుకే ఆ వీడియోలు చూసి మన లైసెన్సు సంగతి ఊహించుకోవద్దు.

ముందు మీ లైసెన్సు తీసి చూడండి. ఫారం 3 మీద మీ పేరు, ఫోటో, యూఐఎన్ నంబర్ (లైసెన్సుదారుకి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య)తో పాటు ఆయుధం వివరాలు ఉంటాయి: ఏ రకం, ఏ బోర్, ఏ నంబర్. అంటే ఆ లైసెన్సు మీరు ఏదో ఒక తుపాకీ పెట్టుకోవడానికి కాదు, ఆ బోర్‌లో ఆ నంబరున్న ఆ తుపాకీకే. బోర్ మారిందంటే కాగితం మీద ఉన్నది ఒకటి, చేతిలో ఉన్నది ఇంకొకటి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసేటప్పుడో, రెన్యువల్‌కి తుపాకీ చూపించేటప్పుడో ఎవరో ఒకరు ఆ తేడా పట్టుకుంటారు. అప్పుడు "అదే రైఫిలండీ, బ్యారెలొక్కటే మార్చాను" అంటే కుదరదు. లైసెన్సు లేని తుపాకీ దగ్గర పెట్టుకున్నట్టే చూస్తారు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఆ కేసుకే 2 నుంచి 5 ఏళ్ల దాకా జైలు ఉంది.

అది కూడా చిన్న భాగమే, అసలు భయపడాల్సింది ఆయుధాల చట్టం సెక్షన్ 5, సెక్షన్ 6 గురించి. 1959 నాటి చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీని తయారు చేయడం, అమ్మడంతో పాటు మార్చడం, రిపేరు చేయడం, ప్రూఫ్ చేయడం (ఎక్కువ ఒత్తిడితో పేల్చి తట్టుకుంటుందో లేదో చూడడం) కూడా దానికి తగ్గ లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. మీ దగ్గర తుపాకీ పెట్టుకునే లైసెన్సు ఉంది కదా అని మార్చే హక్కు రాదు, ఆ రెండూ వేర్వేరు లైసెన్సులు. సెక్షన్ 6 మొదట్లో బ్యారెల్ పొట్టి చేయడం, నకిలీ తుపాకీని అసలు తుపాకీగా మార్చడం గురించి మాత్రమే ఉండేది. 2019 సవరణలో అక్కడ ఇంకో మాట చేర్చారు: ఆయుధ నిబంధనలు 2016లో చెప్పిన ఒక కేటగిరీ తుపాకీని ఇంకో కేటగిరీలోకి మార్చడం కూడా లైసెన్సు లేకుండా నేరమే. శిక్ష 7 ఏళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా. సెక్షన్ 5 దాటి మార్చినా అదే శిక్ష. చాలామంది పాత పుస్తకాలు, పాత సలహాలు పట్టుకుని మాట్లాడతారు, వాళ్లకి ఈ మార్పు తెలియదు.

కాబట్టి మీరు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న మార్చాక నా రైఫిల్ ఏ కేటగిరీలో పడుతుంది అన్నదే. గన్‌స్మిత్‌కి చేతనవుతుందా లేదా అన్నది ఆ తర్వాత.

ఇక్కడ బోర్ పెద్దదా చిన్నదా అన్న లెక్క పనిచేయదు. మన దేశంలో .315 రైఫిల్ ఇంతగా ఎందుకు కనిపిస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారైన ఆ రైఫిల్ యాక్షన్ (తూటా ఎక్కించి పేల్చే యంత్ర భాగం) లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌దే, పట్టుకుంటే అచ్చం పాత పోలీసు .303లాగే ఉంటుంది. తూటా మాత్రం 8 ఎంఎం మాన్లిచర్‌ది. .303 బ్రిటిష్ సైన్యం తూటా కాబట్టి దాన్ని జనం చేతికి ఇవ్వకూడదనుకున్నారు, అందుకే ఈ వేరే బోర్. ఆ ఆలోచనే ఇప్పటి నిబంధనల్లోనూ ఉంది. .303 లేదా 7.62 ఎంఎం సర్వీసు తూటా (సైన్యం వాడేది) పట్టి పేలే బోల్ట్ యాక్షన్ రైఫిల్ (చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించేది) ఏదైనా సరే కేటగిరీ 1 కిందకి వస్తుంది, మామూలుగా మనం ప్రొహిబిటెడ్ (నిషిద్ధ) బోర్ అనేది అదే. అంటే మీ .315కి ఎక్కడో దొరికిన పాత .303 బ్యారెల్ వేస్తే అంకె తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, మీరు నేరుగా నిషిద్ధ ఆయుధాల్లోకి దూకినట్టు. ఆ కేటగిరీ లైసెన్సు కలెక్టరుగారు ఇచ్చేది కాదు, కేంద్ర హోం శాఖ దాకా వెళ్లాలి, వేటకో పంటకో అని అడిగితే ఇచ్చేది అసలే కాదు. లైసెన్సు లేకుండా అలాంటిది దగ్గర ఉంటే 7 నుంచి 14 ఏళ్లు.

.308 విన్‌చెస్టర్ విషయంలో కూడా అదే గొయ్యి. విదేశాల్లో వేటగాళ్లకి అది మామూలు తూటా, ఇంటర్నెట్ నిండా దాని గురించే ఉంటుంది. మన నిబంధన మాత్రం 7.62 సర్వీసు తూటా ఆ ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) పడుతుందా అని చూస్తుంది, .308లో పడుతుంది. అదే .30-06 అయితే బుల్లెట్ వ్యాసం అంతే గానీ తూటా ఇత్తడి కేసు పొడుగు వేరు, 51 బదులు 63 ఎంఎం. ప్రభుత్వ ఫ్యాక్టరీయే స్పోర్టింగ్ రైఫిల్‌గా దాన్ని అమ్మింది, మామూలు లైసెన్సు మీదే వస్తుంది. కాబట్టి వెయ్యబోయే బోర్ పేరు చెప్పి ఊరుకోకుండా, అందులో ఏయే తూటాలు పడతాయో డీలర్‌ని, ఆ తర్వాత లైసెన్సు సెక్షన్‌లోనూ అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

.22 రైఫిల్ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. రిమ్ ఫైర్ తూటా (అడుగు అంచున కొడితే పేలేది) పేల్చే .22కి నిబంధనల్లో వేరే గుంపు ఉంది, మిగతా బ్రీచ్ లోడింగ్ (వెనక నుంచి తూటా ఎక్కించే) రైఫిళ్లన్నీ ఇంకో గుంపు. .22 నుంచి పెద్ద సెంటర్ ఫైర్ (తూటా అడుగు మధ్యలో కొడితే పేలే) బోర్‌కి వెళ్లడమంటే గుంపు మారడమే, అలాంటప్పుడు సెక్షన్ 6 మీకు వర్తించదని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. ఇంకా ముఖ్యమైన సంగతి, ఆ లైసెన్సు మీకు ఎందుకు ఇచ్చారో చూడండి. సెక్షన్ 13 ప్రకారం రైఫిల్ క్లబ్ సభ్యుడికి టార్గెట్ ప్రాక్టీసు కోసమని .22 తేలిగ్గానే ఇస్తారు, రక్షణకో స్పోర్ట్‌కో 20 అంగుళాలకు తక్కువ కాని బ్యారెల్ ఉన్న స్మూత్ బోర్ గన్ (లోపల గాళ్లు లేని నున్నటి గొట్టం) ఇస్తారు, పంట కాపలాకైతే మజిల్ లోడర్ (మూతి నుంచి మందు, గుండు కూరే తుపాకీ) ఇస్తారు, అది చాలదని అధికారి అనుకుంటే ఇంకేదైనా స్మూత్ బోర్ ఇస్తారు. పెద్ద రైఫిల్ మాత్రం ఈ దారుల్లో ఎక్కడా లేదు, దానికి మీకు గట్టి కారణం ఉందని అధికారిని ఒప్పించాలి. క్లబ్ కారణం మీద తెచ్చుకున్న .22ని పందుల కోసం పెద్దది చేస్తానంటే పాత కారణం పోతుంది, కొత్త కారణం మొదటి నుంచి నిలబెట్టుకోవాలి. నిజానికి పందులే మీ సమస్య అయితే 12 బోర్ గన్ (అది స్మూత్ బోరే) అడగడం తేలిక. అది చేతిలో ఉన్నా అటవీ శాఖ అనుమతి లేకుండా పందిని కొట్టకూడదు, 1972 వన్యప్రాణి చట్టం దారి వేరు, తుపాకీ లైసెన్సు ఆ అనుమతికి బదులు కాదు.

ఎయిర్ గన్ వాళ్లు ఇది మాకెందుకు అనుకోకండి, ఎక్కువమంది తెలియకుండా దొరికిపోయేది అక్కడే. .177 ఎయిర్ గన్, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ దాటనంత వరకు, లైసెన్సు లేకుండా కొనుక్కోవచ్చు. దానికి .22 బ్యారెల్ కిట్ బిగిస్తే బోర్ .177 దాటిపోయింది, ఇక దానికి లైసెన్సు కావాలి. స్ప్రింగ్ మార్చి జౌల్స్ పెంచినా అంతే.

నున్నటి గొట్టాన్ని రైఫిల్‌గా మార్చడం, మజిల్ లోడర్‌కి తూటా పట్టేలా చేయడం లాంటి నాటు పనుల గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. చేయించకండి.

ఇక మిగిలేది ఒకే గుంపులో మార్పు. .275 మౌజర్‌ని .30-06 చేయడం, .30-06ని .35 చేయడం లాంటివి. ఇది కుదరని పని కాదు, కానీ పని మొదలు పెట్టేముందే కాగితం పూర్తి కావాలి. మీ లైసెన్సు ఇచ్చిన అధికారికి, అంటే జిల్లాల్లో కలెక్టరు, హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల పోలీసు కమిషనర్, సెక్షన్ 17 కింద లైసెన్సు షరతులు మార్చమని దరఖాస్తు పెట్టాలి. అందులో ఇప్పుడున్న బోర్, నంబర్, వెయ్యబోయే బోర్, కారణం, పని చేసే గన్‌స్మిత్ లేదా ఫ్యాక్టరీ పేరు, వాళ్ల లైసెన్సు నంబర్ రాయండి. ఆ లైసెన్సు కాపీ అడిగి జత చేయండి, అందులో మార్పులు చేసే అనుమతి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. రిపేరు చేసే అనుమతి ఉంటే మార్చేది కూడా ఉన్నట్టే అనుకోవద్దు. తూటాలు దొరకడం లేదన్నది మంచి కారణమే, దానికి డీలర్ దగ్గర ఒక లెటర్ తీసుకుంటే లైసెన్సు సెక్షన్‌లో కూర్చున్న వాళ్లకి విషయం త్వరగా అర్థమవుతుంది. పోలీసు రిపోర్టు అడుగుతారు, టైమ్ పడుతుంది, ఈ లోపు బ్యారెల్ అడ్వాన్సు కట్టి కూర్చోవద్దు.

బ్యారెల్ గురించే ఇంకో మాట. చట్టంలో ఆయుధం అంటే విడిభాగాలు కూడా. బ్యారెల్ ఒక్కటే ఇనప గొట్టం కదా అని పార్సిల్‌లో తెప్పించుకోవడం, పాత బ్యారెల్‌ని అటక మీద దాచుకోవడం రెండూ ప్రమాదమే. పాతది ఏం చేస్తారో దరఖాస్తులోనే రాసి, పని అయ్యాక డీలర్ దగ్గర డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. బ్యారెల్ మీద నంబర్ కొట్టి ఉంటే దాన్ని అరగదీసి కొత్తదాని మీద మీరే కొట్టించడం సెక్షన్ 8 కింద విడిగా ఇంకో నేరం. నంబర్ ఎక్కడ ఉండాలి, ఎవరు కొట్టాలి అన్నది అనుమతి ఉత్తర్వులోనే రాయించుకుంటే గొడవ ఉండదు. కొత్త ఛాంబర్‌కి ప్రూఫ్ టెస్ట్ చేయించి, ఆ సర్టిఫికెట్ కూడా ఫైల్లో పెట్టండి. ఇది కాగితం కోసమే కాదు. నూరేళ్ల నాటి యాక్షన్ మీద కొత్త తూటా ఒత్తిడి పడితే బోల్ట్ మీ మొహం మీదకే రావచ్చు.

పని అయ్యాక రైఫిల్‌ని చూపించి కొత్త బోర్‌ని లైసెన్సులో, ఆన్‌లైన్ రికార్డులో ఎక్కించే వరకు దాన్ని పేల్చొద్దు. ఎక్కించకపోతే డీలర్ ఆ బోర్ తూటాలు అమ్మడు, ప్రతి కొనుగోలూ లైసెన్సు చూసి రాసుకోవాలి కదా. పాత బోర్ తూటాలు మిగిలితే అవి కూడా ఇక మీవి కావు, బ్యారెల్‌తో పాటే అప్పజెప్పండి.

ఇదంతా చదివాక నా అభిప్రాయం అడిగితే, పది మందిలో తొమ్మిది మందికి మార్పించడం కన్నా ఉన్నది అమ్మి, కావాల్సిన బోర్‌లో ఇంకోటి కొనుక్కోవడమే మంచిది. రెండింటికీ అదే ఆఫీసు చుట్టూ తిరగాలి, కానీ అమ్మడం కొనడం వాళ్లకి రోజూ వచ్చే ఫైలు, బోర్ మార్పు ఫైలు ఎప్పుడో గానీ రాదు, ఎవరు సంతకం పెట్టాలో తేలేసరికే నెలలు గడుస్తాయి. మీరే ఇంకో లైసెన్సుదారుకి అమ్మేటట్టయితే జిల్లా మెజిస్ట్రేట్‌కో దగ్గరి స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. 2019 నుంచి ఒక మనిషికి రెండే తుపాకులు, వారసత్వంగా వచ్చింది కూడా ఆ రెండులోనే లెక్క, కాబట్టి పాతది ఉంచుకుని కొత్తది కొనే ముందు లెక్క చూసుకోండి. తాతగారి గుర్తు కాబట్టి అమ్మలేనంటే దాన్ని అలాగే ఉంచడం ఇంకా మంచిది, ఇంగ్లాండులో తయారైన పాత మౌజర్ బ్యారెల్ తీసేశారంటే దాని విలువ సగం అక్కడే పోతుంది.

అయినా మార్పిస్తానంటే, రైఫిల్ మోసుకెళ్లే ముందు లైసెన్సు మీద ఏరియా వాలిడిటీ (అది ఏ ప్రాంతం దాకా చెల్లుతుందో) చూసుకోండి. గన్‌స్మిత్ కోల్‌కతాలోనో ఢిల్లీలోనో ఉండి, మీ లైసెన్సు ఒక్క రాష్ట్రానికే ఉంటే, ఖాళీ రైఫిల్‌తో రైలెక్కినా సరే సరిహద్దు దాటాక మీ దగ్గర ఉన్నది లైసెన్సు లేని తుపాకీయే. ఆ అనుమతి కూడా అదే దరఖాస్తులో అడిగేయండి.